పోటు, పాటు, పైరగాలి

ఫాల్గుణం వెళ్ళి చైత్రం వచ్చేసరికి మా ఓరుగల్లు వైపు గోదావరిలో నీళ్ళకన్నా ఇసుకే ఎక్కువ కనిపిస్తుంది. ఏటూరునాగారం దగ్గర ఒడ్డున నిలబడితే పాయ ఎక్కడుందో వెతుక్కోవాలి. అదే నెలలో కోనసీమ దిండి దగ్గర వసిష్ఠ గోదావరి ఒడ్డులు ఒరుసుకుంటూ నిండుగా ఉంటుంది. పై నుంచి వచ్చిన మాబోటి వాళ్ళకు కలిగే మొదటి అనుమానం: ఇన్ని నీళ్ళు ఎక్కడివి?

సముద్రానివి. ఎండలు ముదిరే వేళకు ధవళేశ్వరం బ్యారేజీ దాటి కిందికి వచ్చేది చాలా తక్కువ. సీలేరు నుంచి వదిలిన నీళ్ళు శబరి మీదుగా వచ్చి ఆదుకుంటే తప్ప డెల్టాలో రబీ వరి గట్టెక్కదు. ఇక దిగువ పాయలకు మిగిలేదేముంది? అందుకే వసంతంలో వసిష్ఠను నింపేది పోటు. రోజుకు రెండుసార్లు సముద్రం లోపలికి ఎక్కుతుంది, రెండుసార్లు పాటుగా వెనక్కి లాగుతుంది. పుక్కిలిస్తే ఉప్పన. పేరుకు నదే గానీ ఈ నెలల్లో దాని లెక్కలన్నీ సముద్రపు లెక్కలు.

దిండి నుంచి అంతర్వేదికి మా లాంచీ తెల్లారగానే బయల్దేరింది. నీటిమీద పల్చటి మంచు. అవతలి ఒడ్డున చించినాడ కొబ్బరితోటలు ముందు నల్లటి గీతలా, తర్వాత బూడిదరంగులో, చివరికి పచ్చగా తేలాయి. వంతెన వెనకబడ్డాక సరంగు ఇంజను తగ్గించి, రేవుమెట్ల వైపు చూపించాడు. కింది మెట్టు మీద జానెడు మేర తడి ఇంకా ఆరలేదు. "పాటు మొదలైందండి. మధ్యలో మేటలు తేల్తాయి, ఒడ్డు పట్టుకునే పోవాలి" అన్నాడు. అణియం మీద కుర్రాడు గడ దించి లోతు చూస్తూనే ఉన్నాడు. ఒకచోట గడ మోకాలి లోతుకే తగిలింది. పైనుంచి చూస్తే ఆ నీళ్ళకూ పక్క నీళ్ళకూ తేడాయే లేదు. తెలిసినవాళ్ళు మాత్రం అలల నడకను బట్టి పసిగడతారట. పౌర్ణమి, అమావాస్యల ముందువెనకలు పోటూ ఎక్కువే, పాటూ ఎక్కువే. అప్పుడు మేటమీద ఇరుక్కుంటే మళ్ళీ పోటు వచ్చేదాకా కూర్చోవాల్సిందే.

నరసాపురం రేవులో జనం సందడి. మోటారుసైకిళ్ళు, మేకలు, కూరగాయల బుట్టలు ఎక్కించుకుని సఖినేటిపల్లికి పంటు దాటుతోంది. ఇవాళ లేసు అల్లికలకు పేరున్న ఈ ఊరు పదిహేడో శతాబ్దంలో ఓడలు కట్టిన ఊరు. ఇంగ్లీషు కంపెనీ తన ఓడలను ఇక్కడ కట్టించుకుంది, బాగు చేయించుకుంది. పక్కనున్న మాధవాయపాలెం పేరు మీదే ఒకరకం నూలు గుడ్డ ఐరోపా బజార్లలో అమ్ముడుపోయింది. ఓడలు కట్టిన రేవుకు ఇప్పుడు పంటే దిక్కు కావడం నాకు కొంత కష్టంగానే అనిపించింది.

పదకొండు దాటేసరికి ఎండ చురుక్కుమంది, గాలి పూర్తిగా పడిపోయింది. ఆ స్తబ్ధతనే సరంగులు నమ్మరు. నేల వేడెక్కాక సముద్రం మీది చల్లగాలి లోపలికి తోసుకొస్తుంది, అదే పైరగాలి. ఒడ్డున ఉన్నవాడికి హాయి, పడవలో ఉన్నవాడికి పరీక్ష. నీరు సముద్రం వైపు లాగుతూంటే గాలి సముద్రం నుంచి ఎదురొస్తే, అల పొట్టిగా, నిటారుగా లేస్తుంది. నదీ ముఖం దగ్గర ఆ అలే ప్రమాదం. పైగా ఆరోజు పడమట ఒక మబ్బు అడుగున నల్లగా, పైన గోపురంలా పెరుగుతోంది. కొబ్బరిమట్టలు ఒక్కసారిగా అటునుంచి ఇటు తిరిగాయి. సరంగు మాటా పలుకూ లేకుండా లాంచీని సఖినేటిపల్లి ఒడ్డుకు తిప్పేశాడు. "డబ్బులిచ్చింది అంతర్వేదికి కదా!" అని వెనక ఎవరో గొణిగారు. పావుగంటలో గాలి, దుమ్ము, చిటపట చినుకులు.

సరంగును తప్పుపట్టేవాళ్ళు 2018 మే 15ను గుర్తుచేసుకోవాలి. పాపికొండల దారిలో మంటూరు దగ్గర ఈదురుగాలికి లాంచీ మునిగిన రోజది. గాలివానకు తలుపులు, కిటికీలు మూసి ఉండడంతో లోపలున్న చాలామంది గిరిజనులు బయటపడలేకపోయారు. మరుసటేడు సెప్టెంబరులో వరద గోదావరిపై కచ్చులూరు దగ్గర మునిగిన బోటులో మా కాజీపేట పక్కనున్న కడిపికొండవాళ్ళూ ఉన్నారు. కచ్చులూరుది వరద, మంటూరుది గాలి. వరద వచ్చేది ముందే తెలుస్తుంది. చైత్ర వైశాఖాల గాలికి అరగంట కూడా వ్యవధి ఉండదు.

సముద్రం లేని ఓరుగల్లును ఏలినవాళ్ళకూ గాలి పడవల్ని ఏం చేస్తుందో తెలుసు. గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం తుపానుకు చిక్కిన ఓడల గురించే మాట్లాడుతుంది. వెనకటి రాజులు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు లాగేసుకునేవారు. తాను మాత్రం ముప్పయ్యో వంతు సుంకం తప్ప ఇంకేమీ ముట్టనని చెప్పాడు. సముద్రం మీద ప్రాణాలొడ్డినవాడి మీద జాలి, దానితోపాటు వ్యాపారి తెలివి కూడా.

వాన వెలిశాక అంతర్వేదికి రోడ్డు మీదే వెళ్ళాం. ఓడల వర్తకుడు కొపనాతి కృష్ణమ్మ పూనికతో 1823లో పూర్తయిన నరసింహస్వామి గుడి దాటి, అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర నిలబడితే ఒకవైపు మట్టిరంగు, ఒకవైపు నీలం. నడుమ నురుగు గీత ఇంకా ఎగిరెగిరి పడుతూనే ఉంది. మా లాంచీ అక్కడికి వచ్చి ఉంటే ఆ నురుగులోనే ఉండేది.

వసంతంలో వసిష్ఠ మీదికి వెళ్ళదలిస్తే తెల్లవారుజామునే ఎక్కి, ఎండ ముదరకముందే దిగండి. లైఫ్ జాకెట్ ఒళ్ళో పెట్టుకోకుండా ఒంటికి కట్టుకోండి. తలుపులు మూసిన గదిలో కూర్చోకండి. సరంగు వెనక్కి తిప్పితే, డబ్బుల మాట ఒడ్డు చేరాక మాట్లాడుకోండి.