కోడె, పాత ఎద్దు, రెండు సెకన్లు

ఓక్లహామా, బుధవారం మధ్యాహ్నం

అక్కా,

ఒకటే ఉరుములు, వాన. నాలుగు గంటలుగా ఈ చిన్న విమానాశ్రయంలో చిక్కుకుపోయాను. మెడ పట్టేసింది. ఇక్కడివాళ్ళు తమ పాత కారు తాళాలు నా చేతిలో పెట్టి, ఊళ్ళోకెళ్ళి ఏమైనా తినిరా, వచ్చేటప్పుడు పెట్రోలు పోయిస్తే చాలన్నారు. వెళ్ళలేదు. నీ ఆవకాయ ఉందిగా! రేకుల షెడ్డు కింద, మా ఆర్‌వీ-7 విమానం రెక్క పక్కన కూచుని, పెరుగన్నంలో టెంక చీకుతూ వాన చూశాను. ఆవపిండి ఘాటు మాత్రం తగ్గిందే, అమ్మ పాళ్ళు నీకింకా పట్టుబడలేదు. చిట్టి ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ఏమైంది? ఇల్లు గుర్తొస్తోంది.

కాన్సస్, శుక్రవారం రాత్రి

అక్కా,

సెస్నా, బీచ్ విమానాలు పుట్టిన విచిటా పక్కనుంచే వచ్చాను, ఆగలేదు.

ఇంకొకడి తోక పట్టుకుని ఎగరడానికి అంత డబ్బెందుకన్నాడట బావ. చెప్తాను. నాలుగు విమానాలం, ముందున్నది లీడ్, నాది రెండో నంబరు. లీడ్ రెక్క మీద ఒక గుర్తు, ఒంటి మీద ఇంకోటి ఒకే గీతలో కనబడితే నా చోట్లో నేనున్నట్టు. వెనకబడితే కాస్త థ్రాటిల్ పెంచాలి, ముందుకొస్తే తగ్గించాలి. కుడిచెయ్యి క్షణం ఊరుకోదు. ఇందాక అన్నం కలుపుతుంటే కూడా వణికింది. అక్షరాలు వంకరపోయింది అందుకే.

ఇవాళ మొదటిసారి లీడ్ వెనకాలే, తలకిందులుగా తిరిగొచ్చే బారెల్ రోల్ చేశాను. పక్కన శిక్షకుడు, ఇద్దరికీ పారాచూట్లు. నేలకి 1500 అడుగుల లోపు ఇలాంటివి చెయ్యకూడదని ఇక్కడి చట్టం, మేం 4000 పైనే ఉన్నాం. కోతకొచ్చిన గోధుమచేలు నెత్తిమీదకొచ్చే ఉంటాయి, నేను చూసింది లీడ్ ఒక్కడినే. ఎంత బాగుందో అక్కా!

మధ్యాహ్నం మలుపులో ఎండ కళ్ళలో కొట్టి లీడ్ కనబడలేదు. కనబడని ఆ క్షణమే 'టూ, బ్లైండ్' అని రేడియోలో చెప్పి పక్కకి తప్పుకోవాలి. నేను రెండు సెకన్లు వెతికి అప్పుడు చెప్పాను. దిగాక ఆ రెండు సెకన్ల మీదే ముప్పావుగంట మాట్లాడారు. ఎవరూ గొంతు పెంచలేదు. అయినా నాకు ముద్ద దిగలేదు. అంత దగ్గర్లో విమానం ఉండి, అది ఎక్కడుందో తెలియకపోవడం కన్నా ప్రమాదం ఏముంది?

లీడ్ ఎప్పుడూ పూర్తి పవర్ వాడడు. వాడితే వెనకబడ్డవాడికి అందుకునే దారుండదు. మలుపులో బయటివైపున్నవాడు ఎక్కువ దూరం తిరగాలి మరి. నాన్న కొత్త కోడెని పాత ఎద్దు పక్కన కాడికి కట్టేవాడు గుర్తుందా? గట్టు దగ్గర తిరిగేటప్పుడు లోపలున్న పాతది అడుగు తగ్గించి, కోడె చుట్టి వచ్చేదాకా ఆగేది. నాన్నకి ఈ మాట చెప్పు. పారాచూట్ సంగతి మాత్రం చెప్పకు.

గాలి లేకపోతే రేపు ఆరింటికే పైకి. ఆవకాయ అడుక్కొచ్చింది.

నీ తమ్ముడు