అడక్కుండా పెట్టిన ఎడిటర్

నిన్న రాత్రి వనపర్తిలో మా మేనల్లుడు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి, "మామా, ఇదేంది, రాయనిస్తలేదు, బయటికీ పోనిస్తలేదు" అన్నాడు. చూస్తే వీఐ ఎడిటర్. వాడి చేతికి అలవాటైంది నానో. గిట్‌లో కమిట్ చేయబోతే ఇది తెరుచుకుంది. ఎస్కేప్ నొక్కించి, కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం కొట్టించి బయటపడేశాను గాని, నా కోపం దిగలేదు.

వెతికితే కారణం దొరికింది. ఎక్కడినుంచో తెచ్చుకున్న ఒక స్క్రిప్ట్ వాడి బాష్‌ఆర్‌సీ ఫైలు అడుగున ఒక వరుస చేర్చిపోయింది: ఎక్స్‌పోర్ట్ ఎడిటర్, విలువ వీఐ. స్క్రిప్ట్ తన పనికోసం ఏ విలువ పెట్టుకున్నా మనకు నష్టం లేదు. ఎక్స్‌పోర్ట్ చేసింది తల్లి షెల్ నుంచి పిల్ల ప్రాసెస్‌కు దిగుతుందే తప్ప, పిల్ల నుంచి తల్లికి ఎక్కదు. పని అయిపోగానే దాంతోపాటే పోతుంది. ఇదేమో ఇంట్లోకొచ్చి, మన సామాను తన ఇష్టానికి సర్దిపోయింది.

మర్యాద తెలిసిన స్క్రిప్ట్ ముందు విజువల్ అనే వేరియబుల్‌ను చూస్తుంది. అది ఖాళీగా ఉంటే ఎడిటర్‌ను చూస్తుంది. అదీ లేకపోతేనే వీఐ తెరుస్తుంది. వేరియబుల్ పేరు పక్కన కోలన్, అడ్డగీత పెట్టి మన మాట రాస్తే చాలు: ఉంటే ఉన్నది, లేకుంటే ఇది. ఆ రెండు గుర్తుల్లో ఎంత గౌరవం ఉంది! 1976లో వీఐ రాసిన బిల్ జాయ్ మీద నాకు కోపమేమీ లేదు, నా వేళ్లకు అదే అలవాటు. నా అలవాటైనా సరే, పిల్లాడి మీద రుద్దే హక్కు ఎవరికీ లేదు.

అసలు ఎడిటర్ అంటే మా ఇంట్లో ఒక్కరే, సురవరం ప్రతాపరెడ్డి గారు. గద్వాల వైపు ఇటిక్యాలపాడు ఆయన ఊరు. 1926లో ఆయన సంపాదకత్వంలో గోలకొండ పత్రిక మొదలైంది. తెలంగాణలో కవులే లేరన్న మాట చెవిన పడితే, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చి చూపించారు. 1952లో మా వనపర్తి నుంచే శాసనసభకు గెలిచారు. ఆ సంచిక మా తాత దగ్గర ఉండేది. చత్వారం అద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, మన పాలమూరు ఊళ్ల కోసం వేలు పెట్టి వెతికేవాడు. దొరికితే ఆ పద్యం గట్టిగా, ఇల్లంతా వినేటట్టు చదివేవాడు.

"మనూరోళ్లు ఎవరన్నా ఉన్నరా మామా అండ్ల?" అని అడిగాడు అల్లుడు. ఆ పుస్తకం ఏ పెట్టెలో ఉందో, పొద్దున్నే అటక దింపి చూడాలి.