డీఎల్ఎల్ ఫైల్ లేదని వస్తే ఏం చేయాలి?



మీ పిల్లలకు నేను చెప్పేది ఇంగ్లిష్. అయినా ఈ మధ్య ఎనిమిదో తరగతి పిల్లలు గ్రామర్ కంటే ఎక్కువగా అడుగుతున్న డౌటు ఒకటుంది. "మేడమ్, ప్రాజెక్ట్ వీడియో చేద్దామంటే సాఫ్ట్‌వేర్ ఓపెన్ కావట్లేదు. ఏదో డీఎల్ఎల్ లేదంటోంది."

మీ ఇంట్లోనూ ఈ మెసేజ్ వచ్చే ఉంటుంది: 'ది కోడ్ ఎగ్జిక్యూషన్ కెనాట్ ప్రొసీడ్ బికాజ్ వీసీరన్‌టైమ్140.డీఎల్ఎల్ వాజ్ నాట్ ఫౌండ్.' చూడగానే కంప్యూటర్ పాడైపోయిందనిపిస్తుంది. పాడవలేదు.

మన ఊళ్లలో పెళ్లి వంటల గుండిగలు ఇంటింటికీ ఉండవు కదా. ఒక్క సెట్టు గుడి దగ్గరో, కమ్యూనిటీ హాల్లోనో ఉంటుంది. ఎవరింట్లో ఫంక్షనైతే వాళ్లు తెచ్చుకుంటారు. డీఎల్ఎల్ ఫైళ్లూ అంతే, విండోస్‌లో చాలా ప్రోగ్రాములు కలిసి వాడుకునే ఉమ్మడి ఫైళ్లు. గుండిగ కనపడకపోతే 'మిస్సింగ్', చిల్లుపడితే 'కరప్ట్'. వంటవాడు బాగానే ఉన్నాడు, స్టవ్ బాగానే ఉంది, వంట మాత్రం మొదలవదు. వేరే సాఫ్ట్‌వేర్ తీసేసినప్పుడో, అప్‌డేట్ మధ్యలో సిస్టమ్ ఆగిపోయినప్పుడో, యాంటీవైరస్ అనుమానంతో ఫైల్‌ను పక్కన పెట్టినప్పుడో ఇలా జరుగుతుంది.

ఇంగ్లిష్ టీచర్‌గా నాదొక ఫిర్యాదు. పిల్లలు మొదటి లైను చూసి ఓకే నొక్కేస్తారు. దారి రెండో వాక్యంలోనే ఉంది: 'రీఇన్‌స్టాలింగ్ ది ప్రోగ్రామ్ మే ఫిక్స్ దిస్ ప్రాబ్లమ్.' ఆ 'మే'ని బోర్డు మీద రాసి మరీ చూపించాను, ఖాయం కాదు, కావచ్చు అని. తగ్గకపోతే మైక్రోసాఫ్ట్ సొంత సైట్‌లో 'విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్' ఉచితంగా దొరుకుతుంది. వీసీరన్‌టైమ్140, ఎమ్ఎస్‌వీసీపీ140 రెండూ అందులోనే వస్తాయి. విండోస్ సొంత ఫైలే చెడితే, కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఎస్ఎఫ్‌సీ, స్పేస్, స్లాష్, స్కాన్‌నౌ అని టైప్ చేయండి. చెడిన ఫైళ్లను విండోసే వెతికి సరిచేయడానికి చూస్తుంది.

అసలు నా భయం వేరే. ఒక అబ్బాయి ఆ ఫైల్ పేరు గూగుల్‌లో కొట్టి, ముక్కూమొహం తెలియని సైట్ నుంచి డౌన్‌లోడ్ చేసి సిస్టమ్32 ఫోల్డర్‌లో వేసేశాడు. అదే ల్యాప్‌టాప్‌లో వాళ్ల నాన్నగారు నెట్ బ్యాంకింగ్ చేస్తారు. డీఎల్ఎల్ అంటే ఫొటో లాంటిది కాదండీ, నడిచే ప్రోగ్రామే. అందులో ఎవరేం కలిపారో మనకు కనపడదు. నాన్నకు చెప్పలేదా అంటే, "క్రాక్ చేసిన గేమ్ వేశానని తెలిస్తే కొడతారు మేడమ్" అన్నాడు. ఆ సాయంత్రం నా ముందే ఫోన్ చేసి చెప్పాడు. నాన్నగారు తిట్టారు, పాస్‌వర్డులూ మార్చుకున్నారు. తిట్టొద్దని నేననను. ఏం డౌన్‌లోడ్ చేశాడో పూర్తిగా చెప్పనిచ్చి, ఆ తర్వాత తిట్టండి.

మీ ఇంట్లోనూ అలాంటి ఫైల్ చేరి ఉంటే ముందు ఇంటర్నెట్ ఆపి దాన్ని తీసేయండి, యాంటీవైరస్‌తో ఫుల్ స్కాన్ చేయండి. బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డులు ఆ ల్యాప్‌టాప్‌లో కాకుండా మీ ఫోన్‌లో మార్చుకోండి. షాపులో ఫార్మాట్ చేయాలంటే, ఒప్పుకునే ముందు ఫొటోలు, పిల్లల ప్రాజెక్టులు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. ప్రాజెక్టుకు ఇంకో రెండు రోజులు కావాలంటే డైరీలో ఒక లైను రాసి పంపండి, చాలు.