తెలుపు వైపే నడవాలి

ఫొటోకి ఫ్రేమ్ కుదరట్లేదని రెండడుగులు పక్కకి వేశా. అంతే, మా గైడ్ నా బ్యాగ్ పట్టుకుని వెనక్కి లాగేశాడు. కోపంగా చూశా. అతను మాట్లాడకుండా నేలలో పాతిన చిన్న ఇటుక చూపించాడు. దానికి ఒకవైపు తెలుపు రంగు, ఇంకోవైపు ఎరుపు. తెలుపు వైపు నేల లోపల కూడా వెతికి బాంబులు తీసేశారు. ఎరుపు వైపు పైపైన మాత్రమే చూశారు. నేను నిలబడింది ఎరుపు వైపు.

ఇది లావోస్‌లో ఫోన్‌సవాన్ ఊరి దగ్గరి 'ప్లెయిన్ ఆఫ్ జార్స్'. గడ్డి మైదానం నిండా పెద్ద పెద్ద రాతి కాగులు, కొన్ని మనిషి కంటే ఎత్తు. 2019లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. బ్యాంకాక్ ట్రిప్‌కని బయల్దేరిన నేనూ నా ఫ్రెండూ ఇన్‌స్టాలో ఈ కాగులు చూసి ఇటు తిరిగాం. నిజం చెప్పాలంటే బాంబుల సంగతి మాకు తెలీదు. వియత్నాం యుద్ధం వియత్నాంలోనే జరిగిందనుకునేవాణ్ని.

1962లో లావోస్‌ను తటస్థ దేశంగా ఉంచుతామని జెనీవాలో ఒప్పుకున్నవాళ్లలో అమెరికా ఉంది, ఉత్తర వియత్నాం కూడా ఉంది. ఇద్దరూ మాట తప్పారు. వీళ్లు ఇక్కడి అడవుల గుండా సైన్యాన్ని దక్షిణానికి పంపారు. వాళ్లు 1964 నుంచి 1973 దాకా, సొంత ప్రజలకు కూడా చెప్పకుండా, పైనుంచి 20 లక్షల టన్నులకు పైగా బాంబులు వేశారు. సగటు లెక్క తీస్తే తొమ్మిదేళ్ల పాటు, రాత్రీ పగలూ, ప్రతి 8 నిమిషాలకు ఒక విమానం లోడు! మేం సరదాగా తిరిగొచ్చిన థాయ్‌లాండ్ నుంచే వాటిలో చాలా విమానాలు లేచేవి.

వాటిలో క్లస్టర్ బాంబులు మరీ ఘోరం. పెద్ద డొల్ల గాల్లో తెరుచుకుని టెన్నిస్ బంతంత చిన్న బాంబుల్ని వందల కొద్దీ రాలుస్తుంది. ఇక్కడి జనం వాటిని 'బాంబీలు' అంటారు. మొత్తం 27 కోట్ల బాంబీలు పడ్డాయి. 30 శాతం దాకా పేలలేదని అంచనా.

నేను చేసేది టెస్టింగ్. పది టెస్టుల్లో మూడు ఫెయిలైతే మా దగ్గర రిలీజ్ ఆపేస్తారు. ఇక్కడ ఆ ఫెయిలైనవే ఇంకా మనుషుల్ని చంపుతున్నాయి. యుద్ధం అయిపోయాక కూడా చనిపోయినవాళ్లు, కాళ్లూ చేతులూ పోగొట్టుకున్నవాళ్లు కలిపి 20 వేల మందికి పైనే.

వాళ్లలో మా గైడ్ అన్న ఒకడు. తొమ్మిదేళ్ల వయసులో పొలం గట్టు మీద దొరికిన 'బంతి'ని తీసుకున్నాడట. "అమ్మ వంట చేస్తోంది. చప్పుడు విని పరిగెత్తింది" అన్నాడు గైడ్. ఇంకేం చెప్పలేదు. మేమూ అడగలేదు.

మా ఊళ్లో నాన్న పారకి రాయి ఠంగుమని తగిలితే విసుక్కుంటాడు, తీసి గట్టు మీద పారేస్తాడు. ఇక్కడ ఆ చప్పుడుకి గుండె ఆగుతుంది. పొలంలో మంట వేసినా భయమే, అడుగున ఏముందో తెలీదు.

ఊళ్లో బాంబు డొల్లలు కంచెలకు గుంజలయ్యాయి, పూలకుండీలయ్యాయి. పక్క పల్లెలో యుద్ధం నాటి అల్యూమినియం కరిగించి స్పూన్లు పోస్తారు. నా ఫ్రెండ్ రెండు కొన్నాడు. నాకు కొనబుద్ధి కాలేదు.

తిరిగి వస్తూ వియంటియాన్‌లో కోప్ సెంటర్‌కి వెళ్లాం. కృత్రిమ కాళ్లు ఇచ్చే సంస్థ అది. అవి దొరకకముందు జనం వెదురుతో, కర్రతో, పాత రేకుతో సొంతంగా చేసుకున్న కాళ్లు అక్కడ వేలాడదీశారు. అరిగిపోయి ఉన్నాయి. ఎన్నేళ్లు నడిచారో!

2016లో ఒబామా వచ్చి, ఈ బాంబులు తీయడానికి మూడేళ్లకు 9 కోట్ల డాలర్లు ఇస్తామన్నారు. మంచిదే. కానీ విమానం నుంచి క్షణాల్లో రాల్చినదాన్ని మనుషులు మోకాళ్ల మీద కూర్చుని, డిటెక్టర్ పట్టుకుని, అడుగు అడుగూ వెతికి తీయాలి.

మొన్న గైడ్ ఒక ఫొటో పంపాడు. ఇన్నాళ్లకు వాళ్ల అమ్మ పొలం వంతు వచ్చింది. మడిలో వరసగా పుల్లలు పాతి ఉన్నాయి. వానలు వచ్చేసరికి సగమే అయిందట. మరి మిగతా సగం అని అడిగా.

"నాట్లు వేసేశాం" అని రిప్లై.