సూరత్ బాటల్లో బందరు జ్ఞాపకాలు

స్ట్రాస్‌బర్గులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి గత చలికాలంలో కొన్ని ఫొటోలు పంపింది. అవి ఫ్రాన్సులోని అల్సాస్ ప్రాంతంలో రిక్‌విర్ అనే చిన్న గ్రామానివి. చుట్టూ పాత కోటగోడ, 1291లో కట్టిన బురుజు ద్వారం, కర్రదూలాల ఇండ్లు, ఊరు దాటగానే ద్రాక్షతోటల నడుమ కాలిబాటలు. అటువంటి గ్రామాలను కలుపుతూ 1953లో ఒక ‘ద్రాక్షసారా మార్గం’ ఏర్పరచారట. దాని పొడవు సుమారు 170 కిలోమీటర్లు. ఫొటోల చివర అమ్మాయి ఇలా వ్రాసింది: “నాన్నా, మన బందరులో చూడదగినవి ఏమున్నాయి? ఈసారి వచ్చినప్పుడు మీ అల్లుడికి చూపిద్దామనుకుంటున్నాను.”

“బందరులో ఏముందమ్మా, లడ్డూలు, దోమలు తప్ప!” అని బదులిచ్చాము.

ఆ జవాబు ఇచ్చిన తరువాత మనసు కుదుటపడలేదు. ఉద్యోగరీత్యా హజీరాకు వచ్చి పదకొండేళ్ళయింది. ఇన్నేళ్ళూ టౌన్‌షిప్ నుండి ప్లాంటుకు, ప్లాంటు నుండి టౌన్‌షిప్‌కు బస్సులో తిరగడమే గాని సూరత్ నగరాన్ని మేము చూచింది లేదు. ఆదివారం రింగురోడ్డు చీరల మార్కెట్టే మాకు తీర్థయాత్ర. పుట్టిన ఊరూ చూడక, బ్రతికిన ఊరూ చూడక పదవీ విరమణ చేయడం బాగుండదని, శ్రీమతితో కలిసి మూడు ఆదివారాలు కాలినడకన తిరగాలని నిశ్చయించుకున్నాము.

మొదటి ఆదివారం తపతి ఒడ్డున ఉన్న కోటకు వెళ్ళాము. పోర్చుగీసువారి దాడుల నుండి నగరాన్ని కాపాడడానికి గుజరాత్ సుల్తాను మూడవ మహమూద్ కాలంలో, 1540వ దశకంలో దీనిని కట్టారు. నగరపాలక సంస్థ దీనిని పునరుద్ధరించి మ్యూజియంగా తీర్చిదిద్దింది. అక్కడికి సమీపంలోనే మొగల్ సరాయి. షాజహాన్ కాలంలో, 1644లో హజ్ యాత్రికుల కోసం నిర్మించిన ఈ సత్రం నేడు నగరపాలక సంస్థ ప్రధాన కార్యాలయం. మక్కాకు ఓడలెక్కే యాత్రికులు బస చేసిన చోట ఇప్పుడు ఇంటిపన్ను కడుతున్నారు.

పాత వీధుల్లో నడుస్తూ ఈ ఊరి సంవత్సరాలను మా ఊరి సంవత్సరాల ప్రక్కన పెట్టి చూచుకున్నాము. ఫ్రెంచివారు మన దేశంలో తమ మొదటి వర్తక స్థావరాన్ని 1668లో ఇక్కడ నెలకొల్పారు. మరుసటి సంవత్సరమే, 1669లో, మచిలీపట్నంలో రెండవది పెట్టారు. ఇంగ్లీషువారి విషయంలో మా ఊరే ముందు: బందరులో 1611, సూరత్‌లో 1613. చిన్నతనంలో మేము గోళీలాడుకున్న ఫ్రెంచిపేట, ఇంగ్లీషుపాలెం, వలందపాలెం ఈ చరిత్ర మిగిల్చిన పేర్లే. వలందులంటే హాలెండువారు. యాభై ఏళ్ళు పైబడ్డాక, ఊరుగాని ఊరిలో ఆ పేర్ల విలువ తెలిసింది.

రెండవ ఆదివారం కతార్‌గాం దర్వాజా వద్ద ఉన్న సమాధులు చూచాము. ఇంగ్లీషు వర్తకులైన ఆక్సెండెన్ సోదరుల సమాధి నవాబుల గోరీ వలె గుమ్మటాలతో ఎత్తుగా నిలిచి ఉన్నది. వారిలో ఒకరు 1659లోను, మరొకరు 1669లోను మరణించారు. ఆ దగ్గరలోనే డచ్చివారి శ్మశానం. 1691లో మరణించిన వాన్ రీడ్ అక్కడ నిద్రిస్తున్నాడు. కేరళ ఓషధులపై ‘హోర్టస్ మలబారికస్’ అనే పన్నెండు సంపుటాల గ్రంథాన్ని వెలువరింపజేసినవాడు ఆయనే.

అక్కడ శ్రీమతి అడిగిన ప్రశ్న మమ్ములను నిలదీసింది: “మన బందరులో కూడా డచ్చి సమాధులున్నాయి కదండీ. మీరెప్పుడైనా లోపలికి వెళ్ళారా?” లేదు. చదువుకునే రోజుల్లో ఆ గోడ ప్రక్కనుండి సైకిలు తొక్కుకుంటూ పోయినవారమే గాని, ఒక్కనాడూ గేటు తెరచిన పాపాన పోలేదు.

ఆ సాయంత్రం లింబాయత్‌లో, తెలంగాణ నుండి వచ్చి స్థిరపడిన ఒక పద్మశాలి పెద్దాయన ఇంట టీ త్రాగాము. మరమగ్గాలపై పనిచేసే తెలుగువారు ఆ ప్రాంతంలో ఎందరో ఉన్నారు. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడిపింది. 2006 ఆగస్టులో ఉకాయి ఆనకట్ట నుండి వదిలిన నీటితో తపతి పొంగి నగరంలో అధికభాగం మునిగిన సంగతి ప్రస్తావనకు వచ్చింది. “నీళ్లు తీసినంక మళ్ళ నేసినం సార్. ఊరంటె నీళ్లొస్తయి, పోతయి” అన్నాడాయన. మా తలిదండ్రులు 1864 తుపాను గూర్చి చెప్పేటప్పుడు ఈ ధీమా ఉండేది కాదు. ముప్పై వేలమందిని పొట్టన పెట్టుకున్న ఆ ఉప్పెనతోనే బందరు కథ ముగిసినట్లు చెప్పేవారు. మేమూ అదే నమ్మాము.

మూడవ ఆదివారం తెల్లవారుజామున సువాలి తీరానికి బయలుదేరాము. దారిలో ఈతచెట్ల నీరా త్రాగాము. మద్యనిషేధం గల గుజరాతులో మా ‘ద్రాక్షసారా మార్గం’ ఇదే! తిరుగు ప్రయాణంలో ‘పోంక్’ తిన్నాము. అది మన ఊచబియ్యమే, లేతజొన్నలను కాల్చి దులిపినది.

పూడిక వలన పెద్ద ఓడలు తపతిలోనికి రాలేకపోయేవి. తీరానికి సమాంతరంగా ఉన్న ఇసుకతిన్నెకూ నేలకూ నడుమ లోతైన నీరు ఉండడంతో అవి సువాలి వద్ద లంగరు వేసేవి. అక్కడినుండి సరుకు బండ్లమీద నగరానికి చేరేది. 1612లో ఇంగ్లీషువారు పోర్చుగీసు నౌకలను ఎదిరించినది ఈ నీటిలోనే. అలెప్పో నుండి అజ్మీరు దాకా కాలినడకన వచ్చిన యాత్రికుడు టామ్ కోరియట్ సమాధిగా చెప్పుకునే కట్టడం కూడా ఈ ప్రాంతంలోనే ఉన్నది. రక్తవిరేచనాలతో బాధపడుతూ, స్వదేశీయులిచ్చిన స్పెయిన్ ద్రాక్షసారా పుచ్చుకోవడంతో జబ్బు ముదిరి 1617లో మరణించాడట.

ఇంజనీరుగా మమ్ములను ఆకర్షించినది ఆ ఇసుకతిన్నె. నది పూడిపోయింది. 1687లో ఇంగ్లీషువారి ప్రధాన స్థావరం బొంబాయికి తరలిపోయింది. సూరత్ మాత్రం జరీని, పట్టును, వజ్రాల సానను పట్టుకుని నిలిచింది. 1994లో ప్లేగు భయంతో లక్షలమంది విడిచిపోయిన నగరమే, రెండేళ్ళలో పరిశుభ్రతకు పేరు తెచ్చుకున్నది. 2005 నుండి ఇదే తీరాన, హజీరా వద్ద, ద్రవీకృత సహజవాయువు ఓడలు వచ్చి ఆగుతున్నవి. ఓడరేవు పోయినంత మాత్రాన ఊరు పోదు. ఊరివారు ఊరిని వదులుకున్ననాడే పోతుంది. మేము వదులుకున్నవారిలో ఉన్నామని ఆ తీరాన నిలబడి ఒప్పుకున్నాము.

ఆ రాత్రి అమ్మాయికి ఫోను చేసి మా జవాబు సవరించుకున్నాము. ఫ్రెంచిపేట, వలందపాలెం, డచ్చి సమాధులు, మంగినపూడి సముద్రతీరం, పెడన కలంకారీ అచ్చుల వారి ఇండ్లు... రెండు రోజులకు సరిపడా జాబితా తయారైంది. “మొన్న ఏమీ లేదన్నారుగా?” అని అమ్మాయి నవ్వింది.

సంక్రాంతికి నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో విజయవాడకు టిక్కెట్లు తీశాము. అమ్మాయి, అల్లుడు అక్కడ మాతో కలుస్తారు. బందరులో మొదట డచ్చి సమాధులకే తీసుకువెళ్ళదలచాము. ఆ గేటు తెరచి లోపలికి వెళ్ళడం వారితో పాటు మాకూ అదే మొదటిసారి.