ఎవరి బిడ్డ?

ఈ వేసవి సెలవులకు మా పెద్దమ్మాయి పుట్టింటికి వచ్చింది. విజయవాడలో ఒక కళాశాలలో ఆంగ్లం బోధిస్తుంది. ఇషా నమాజు ముగించుకుని, భోజనాలు చేసి, డాబా మీద చాపలు పరచుకుని కూర్చోవడం మా ఇంట ఎన్నో ఏళ్ల అలవాటు. ఆ రాత్రి అమ్మాయి చేతిలో ఒక పాత ఆంగ్ల నవల కనిపించింది. అది నేరపరిశోధన నవల అని, అందులో ఒక బాలుణ్ణి దుండగులు ఎత్తుకుపోతారని చెప్పింది.

నిజం చెప్పాలంటే, ఇటువంటి పుస్తకాల పట్ల నాకు ఏనాడూ సుముఖత లేదు. ముప్ఫై సంవత్సరాల బోధనా జీవితంలో విద్యార్థుల దిండ్ల కింద నుంచి ఎన్నో ఉత్కంఠభరిత నవలలు తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. అమ్మాయికి ఆ సంగతి తెలుసు. "అబ్బా, దీన్ని కూడా బీరువాలో పెట్టే ముందు ఒక్కసారి వినండి" అని నవ్వింది. నాకు ఆంగ్లం అంతంత మాత్రమే. అందుచేత ఆమె తెలుగులో చెబుతూ పోతుంటే అందరం విన్నాము.

అది ఎడ్ మెక్‌బెయిన్ అనే అమెరికా రచయిత 1959లో వ్రాసిన 'కింగ్స్ రాన్సమ్'. డగ్లస్ కింగ్ అనే ఆయన పాదరక్షల కంపెనీలో పెద్ద హోదాలో ఉన్నాడు. కంపెనీని తన అధీనంలోకి తెచ్చుకునేందుకు ఉన్నదంతా ఒడ్డి భారీ మొత్తం సిద్ధం చేసుకున్నాడు. సరిగ్గా ఆ సమయంలో, అతని కొడుకును ఎత్తుకుపోయామని, ఐదు లక్షల డాలర్లు ఇస్తేనే వదులుతామని కబురు వస్తుంది. తండ్రి క్షణం తటపటాయించడు. ఎంతైనా ఇస్తానంటాడు. అంతలో కొడుకు ఇంట్లోనే క్షేమంగా కనిపిస్తాడు. దుండగులు పొరపాటున తీసుకుపోయింది అతని కారు డ్రైవరు కొడుకును. వాళ్లకు ఆ సంగతి తెలిసినా పట్టు విడవరు. ఎవరి బిడ్డ అయితేనేం, డబ్బు మాత్రం నువ్వే ఇవ్వాలంటారు.

అమ్మాయి అక్కడ పుస్తకం మూసింది. "మిగతాది రేపు. ఈలోగా ఆయన ఏం చేయాలో మీరందరూ చెప్పండి" అన్నది.

డాబా మీద చిన్నపాటి సభ మొదలైంది. న్యాయశాస్త్రం చదువుతున్న మా అబ్బాయి ముందుగా అందుకున్నాడు. "చట్టం ప్రకారం ఆయన మీద ఏ బాధ్యతా లేదు. నేరం చేసింది దుండగులు, పట్టుకోవలసింది పోలీసులు. అడిగినవాడికల్లా డబ్బిస్తూ పోతే రేపు ప్రతి డ్రైవరు బిడ్డకూ ప్రమాదమే" అన్నాడు. బట్టల దుకాణం నడిపే మా బావమరిది వ్యాపారి దృష్టితో ఆలోచించాడు. "బావా, ఆ డబ్బు ఆయన సొంతం అనుకుంటున్నారు గానీ, అందులో అప్పు ఎంతో! ఆయన మునిగితే ఇంటిల్లిపాదీ మునుగుతారు. కొంత ఇస్తాడు, మిగతాది చందా పోగు చేస్తాడు. అంతేగానీ సర్వస్వం ఎలా ఇస్తాడు?" అన్నాడు. నా భార్యకు ఈ వాదనలేవీ రుచించలేదు. "తన కొడుకు అనుకున్నప్పుడు ఇస్తానన్నాడా లేదా? అప్పుడు లేని లెక్కలు ఇప్పుడెందుకు వచ్చాయి?" అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

మా మదరసా వ్యాను నడిపే ఆయన పక్క వాటాలోనే ఉంటాడు. పిట్టగోడకు ఆనుకుని అంతసేపూ మౌనంగా విన్నాడు. మేము మెట్లు దిగబోతుంటే నెమ్మదిగా అన్నాడు: "మౌలానా సాబ్, ఇంతమంది మాట్లాడారు, ఆ డ్రైవరు సంగతి ఎవరూ అనలేదు. అడిగాడంటే, నా బిడ్డ కోసం నువ్వు రోడ్డున పడు అని యజమానిని అడిగినట్టు. అడగకపోతే బిడ్డ పోతాడు. అట్లా అడగవలసిన గతి పగవాడికి కూడా రావొద్దు."

ఎవరూ జవాబు చెప్పలేదు. అందరి చూపూ నా వైపు మళ్లింది. నేను గురువును గదా! నాకు తెలిసిన శాస్త్రం చెప్పాను. పన్నెండవ శతాబ్దంలో ఇమామ్ బుర్హానుద్దీన్ మర్ఘీనానీ రచించిన 'అల్ హిదాయా' గ్రంథాన్ని మా మదరసాలలో నేటికీ పాఠంగా చెబుతాము. అందులో 'లకీత్' అనే అధ్యాయం ఉంది. లకీత్ అంటే ఎవరో విడిచిపెట్టగా దొరికిన శిశువు. అటువంటి శిశువు కంటపడితే చేరదీయడం ఉత్తమం. వదిలేస్తే ప్రాణం పోతుందని తోస్తే చేరదీయడం తప్పనిసరి విధి. ఆ శిశువు స్వతంత్రుడే, ఎవరికీ బానిస కాడు. వాని పోషణ ఖర్చు ప్రజాధనాగారమైన బైతుల్ మాల్ భరించాలి. ఆ తరువాతి అధ్యాయం దారిలో దొరికిన వస్తువుల గురించి. ఇంకా ముందుకు పోతే, ఆచూకీ తెలియని మనిషి గురించి మరొక అధ్యాయం. "చూశారా, ఎవరి బిడ్డో తెలియని చోటనే మన ధర్మశాస్త్రం బాధ్యతను మొదలుపెట్టింది. కాబట్టి ఎవరి బిడ్డ అన్న ప్రశ్నే తప్పు" అన్నాను. సర్వస్వం ధారపోయాలా అన్న చిక్కుముడిని మాత్రం విప్పలేదు. అయినా అందరూ తృప్తిగా తలలూపారు. సభ ముగిసింది.

నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను చెప్పిన మాటలో తప్పు లేదు. తప్పు వేరే చోట ఉంది. పదిహేనేళ్లుగా దాన్ని ఎవరికీ చెప్పుకోలేదు.

అప్పట్లో మేము నరసరావుపేటలో ఉండేవాళ్లం. నేను పనిచేసే మదరసాలో అరవై మంది పిల్లలు వసతిలో ఉండి చదువుకునేవారు. పల్నాడు పల్లెల నుంచి వచ్చిన పేద పిల్లలే ఎక్కువ. పదేళ్ల మా అబ్బాయి కూడా వారితోపాటే హిఫ్జ్ తరగతిలో ఖుర్‌ఆన్ కంఠస్థం చేసేవాడు. ఒకనాడు అస్ర్ నమాజు అయ్యాక నేను గదిలో పాఠం చూసుకుంటున్నాను. ఒక కుర్రాడు రొప్పుతూ వచ్చి, "హజ్రత్, మధ్యాహ్నం నుంచి కనబడటం లేదు" అంటూ మా అబ్బాయి పేరు చెప్పాడు. ఆ వారం ఊళ్లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న పుకారు ఒకటి ప్రచారంలో ఉంది. లేచి పరుగెత్తాను. బజారు దాటి, బస్టాండు దాకా పోయిన తరువాత గానీ నా కాళ్లకు చెప్పులు లేవన్న సంగతి నాకు తెలియలేదు.

అక్కడ కనిపించక, మళ్లీ మదరసాకు పరుగున వచ్చాను. మా అబ్బాయి హౌజు దగ్గర కూర్చుని మగ్రిబ్ కోసం వుజూ చేసుకుంటున్నాడు. కుర్రాడు చెప్పింది వాడి గురించి కాదు. అదే తరగతిలో, అదే పేరుతో మరొక అబ్బాయి ఉన్నాడు. తండ్రి లేని పిల్లవాడు. తప్పిపోయింది వాడు.

"అల్ హమ్దు లిల్లాహ్" అన్నాను. అక్కడే అరుగు మీద కూలబడ్డాను. వంటమనిషి టీ తెచ్చి ఇచ్చాడు. ఆ టీ పూర్తిగా తాగాను. తరువాత లేచి, గదిలోకి వెళ్లి, చెప్పులు తొడుక్కుని, ఆ పిల్లవాణ్ణి వెదకడానికి బయలుదేరాను.

పాఠకులు నన్ను క్షమించాలి. ఆ రాత్రి నేను వెదకలేదని కాదు. పోలీసు స్టేషనుకు వెళ్లాను, రైల్వే స్టేషనులో విచారించాను, ముగ్గురు మనుషుల్ని మూడు దిక్కులకు పంపాను. కానీ అంతా సావధానంగా, బాధ్యత గల ఒక ఉద్యోగి చేసినట్లు చేశాను. బస్టాండు వైపు ఉట్టి కాళ్లతో పరుగెత్తిన మనిషి వేరు, చెప్పులు వేసుకుని బయలుదేరిన మనిషి వేరు. ఆ ఇద్దరికీ నడుమ ఒక టీ తాగేంత వ్యవధి ఉంది.

తెల్లవారుజామున గుంటూరు నుంచి కబురు వచ్చింది. పిల్లవాడు ప్యాసింజరు బండి ఎక్కి అంత దూరం పోయాడట. వాడి తల్లి గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే కూలి పనికి పోయేది. ఆమెను చూడాలనిపించింది, బయలుదేరాడు. స్టేషను దిగాక ఎటు పోవాలో తెలియక ప్లాట్‌ఫారం మీద ఏడుస్తూ కూర్చుంటే రైల్వే పోలీసులు చేరదీశారు. నేను వెళ్లేసరికి తల్లి కూడా వచ్చింది. పని మధ్యలో నుంచి వచ్చిందేమో, వేళ్లకు కారం ఘాటు ఉంటుందని మోచేతితో కళ్లు తుడుచుకుంటోంది. నన్ను చూసి దూరం నుంచే సలాం చేసి, "నా బిడ్డ కోసం రాత్రంతా నిద్ర లేకుండా తిరిగారంట హజ్రత్, మీ రుణం తీర్చుకోలేను" అన్నది. నేను తల దించుకున్నాను. నా వినయానికి ఆమె ఇంకా కరిగిపోయింది.

మరునాటి రాత్రి అందరూ డాబా మీద చేరగానే, అమ్మాయి పుస్తకం తెరవబోయే ముందు, ఈ సంగతంతా చెప్పాను. మా అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అబ్బా, వాడు నా పక్క మంచమే. ఆ రాత్రి వాడి దుప్పటి మడత పెట్టి ఉంచాను" అన్నాడు. నా భార్య, "ఆ రోజు మీ కాలికి గాజుపెంకు గుచ్చుకుని ఉంది. ఎలా గుచ్చుకుందంటే మీరు చెప్పలేదు" అని గుర్తు చేసింది. వ్యాను నడిపే ఆయన మాత్రం, "ఆగారు గానీ, లేచి పోయారు కదా మౌలానా సాబ్" అన్నాడు. అది నన్ను ఓదార్చడానికి అన్న మాట. అయినా అంతకు ముందు రోజు నేను చెప్పిన శాస్త్రం కన్నా ఆ మాటే నాకు బరువుగా తోచింది.

అప్పుడు అమ్మాయి మిగతా కథ చెప్పింది. నవలలో కింగ్ డబ్బు ఇవ్వనని మొండికేస్తాడు. డ్రైవరు ప్రాధేయపడినా, కట్టుకున్న భార్య నిలదీసినా మెత్తబడడు. చివరకు బాలుడు ప్రాణాలతో దక్కుతాడు. మా వాళ్లకు ఈ ముగింపు నచ్చలేదు. బిడ్డ దక్కాడు కాబట్టి కింగ్ పరీక్ష తప్పించుకున్నాడని నా భార్య అభిప్రాయం. ఇదే కథను ఆధారం చేసుకుని జపాను దర్శకుడు అకిరా కురొసావా 1963లో ఒక చిత్రం తీశాడని, దాని జపనీయ నామానికి 'స్వర్గం, నరకం' అని అర్థమని అమ్మాయి చెప్పింది. అందులో యజమాని ఎంతో ఘర్షణ పడి, ఆఖరుకు 3 కోట్ల యెన్‌లు చెల్లిస్తాడు. డ్రైవరు బిడ్డ ఇల్లు చేరతాడు. యజమాని పదవినీ ఇంటినీ పోగొట్టుకుంటాడు. మా బావమరిది పెద్దగా నిట్టూర్చి, "నష్టపోయాడు గానీ, రాత్రి నిద్ర పట్టి ఉంటుంది" అన్నాడు. ముందు రోజు సర్వస్వం ఎలా ఇస్తాడని అడిగింది ఆయనే. మా అబ్బాయి కూడా చట్టం సంగతి మళ్లీ ఎత్తాడు గానీ, ఈసారి మరోలా. డబ్బు కోసం మనిషిని ఎత్తుకుపోయే నేరానికి జపానులో 1964లో ప్రత్యేకంగా చట్టం చేశారని, మన దేశంలో 1993లో శిక్షాస్మృతిలో 364-ఎ సెక్షను చేర్చారని చెప్పి, "చట్టం దుండగుణ్ణి శిక్షిస్తుంది. అరుగు మీద కూర్చున్నవాణ్ణి లేపలేదు" అన్నాడు.

వింటూ నేను హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) గారిని తలచుకున్నాను. ఆయనకు పన్నెండుగురు కుమారులు. యూసుఫ్ (అలైహిస్సలాం) దూరమయ్యాక కూడా ఇంటి నిండా బిడ్డలున్నారు. అయినా ఆ ఒక్కని కోసం శోకించి శోకించి ఆయన కళ్లు తెల్లబడ్డాయని దివ్య ఖుర్‌ఆన్ తెలుపుతుంది. మిగిలినవారి లెక్క ఆ తండ్రిని ఓదార్చలేదు. అరవై మంది పిల్లలున్న నాకు ఆ సాయంత్రం ఒకడు తక్కువయ్యాడు. ఆ తల్లికి ఉన్నదే ఒకడు.

మరొక సంగతి కూడా మనసులో మెదిలింది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) నమాజును దీర్ఘంగా చేయాలని సంకల్పించి నిలబడేవారు. వెనుక వరుసల నుంచి పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, ఆ తల్లి మనసు ఎంత తల్లడిల్లుతుందోనని నమాజును క్లుప్తం చేసేవారు. ఈ హదీసును ఎన్ని వందల సార్లు పాఠం చెప్పానో లెక్కలేదు. ఆ ఏడ్చే బిడ్డ ఎవరి బిడ్డ అని ఆయన విచారించలేదన్న సంగతి మాత్రం ఒక నేరపరిశోధన నవల వల్ల ఈ వయసులో నా మనసుకు ఎక్కింది.

ఆ పుస్తకాన్ని నేను బీరువాలో పెట్టలేదు. ఇటువంటి కథలన్నీ మంచివని చెప్పడం నా ఉద్దేశం కాదు. భయాన్ని వినోదంగా అమ్మేవీ, నేరాన్ని నేర్పేవీ అనేకం ఉన్నాయి. పిల్లల చేతికి ఏది ఇవ్వాలో పెద్దలు చూసి ఇవ్వాలి. కానీ ఈ కథను మీ ఇంట ఒక రాత్రి చెప్పి చూడండి. తప్పిపోయింది మన బిడ్డ కాదని తెలిసిన చోట ఆపండి. ఎవరేమంటారో వినండి. ఆ తరువాత ఎవరికి వారు తమ గుండె మీద చెయ్యి వేసుకుని చూసుకోండి.

ఇప్పుడు నేను పనిచేసే చోట రాత్రి హాజరు నేనే తీసుకుంటాను. పిల్లలు తప్పిపోతే పిలవవలసిన 1098 నంబరును గోడ మీద పెద్ద అంకెలతో వ్రాయించాను. ఒకే పేరు గల పిల్లలు ఈ ఏడాది కూడా ముగ్గురున్నారు. వారిని ఉట్టి పేరుతో పిలవను. తండ్రి పేరు కలిపి పిలుస్తాను. తండ్రి లేకపోతే తల్లి పేరు కలిపి పిలుస్తాను. "హాజిర్ హజ్రత్" అన్న జవాబు వినిపించిన తరువాతే తరువాతి పేరుకు వెళతాను.