సముద్రంలో ధ్వని ఎన్ని నాట్లు?

నవంబర్ 3, విశాఖపట్నం

నావిగేషన్ చదువుతున్న కుర్రాడు నోటుపుస్తకం తెచ్చి చూపించాడు. సముద్రపు నీటిలో ధ్వని వేగం సెకనుకు 1500 మీటర్లు, దాన్ని నాట్లలోకి మార్చాలి. నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు. మైలుకు 1852 మీటర్లని 1929లో మొనాకోలో జరిగిన హైడ్రోగ్రఫీ సమావేశం ఖాయం చేసింది. 1500ని 3600తో హెచ్చవేసి 1852తో భాగిస్తే 2915.77. లెక్క సరిగ్గా చేశాడు. ఆ చివరి .77 మాత్రం నాకు మింగుడు పడలేదు. మొదట వేసుకున్న 1500 సుమారు అంకె. అలాంటిదానికి రెండు దశాంశ స్థానాలు ఎలా వస్తాయి?

నవంబర్ 4

రాత్రి కూర్చుని మన తీరానికే లెక్క వేశాను. ధ్వని వేగాన్ని నిర్ణయించేవి మూడు: నీటి వేడి, ఉప్పు, లోతు. పైనీరు 28 డిగ్రీలు, కిలో నీటిలో ఉప్పు 33 గ్రాములు అనుకుంటే వేగం సుమారు 1539 మీటర్లు, అంటే 2,990 నాట్లు. అక్కడే కిలోమీటరు లోతుకు దిగితే వేడి ఆరేడు డిగ్రీలకు పడిపోతుంది. వేగం 1493 మీటర్ల దగ్గరికి, అంటే 2,900 నాట్లకు వస్తుంది. ఒకే చోట పైకీ కిందికీ 90 నాట్ల తేడా! ఈ ఊరి నౌకాదళ ప్రయోగశాలలో రూపుదిద్దుకున్న వరుణాస్త్ర టార్పెడో వేగం 40 నాట్లు. దానికి రెండు రెట్లకు మించిన తేడాను పుస్తకంలోని ఒక్క 1500 దాచేస్తోంది.

నవంబర్ 7

చేపల రేవు. బోటులో ఎకో సౌండర్ ఉన్నా సరంగు లోతును ఇప్పటికీ బారల్లోనే చెబుతాడు. కిందకు పోయేకొద్దీ నీరు ఎలా ఉంటుందని అడిగాను. "లోపల్నించి వచ్చిన వల చేతికి సల్లగా తగుల్తాది మాస్టారూ, మే నెలైనా సరే" అన్నాడు. మొన్న రాత్రి నేను కాగితం మీద వేసిన లెక్క ఆయన అరచేతికి ఎప్పటినుంచో తెలుసు.

నవంబర్ 8

ఉప్పు సంగతి. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చి పోసే మంచినీటితో బంగాళాఖాతం పైపొర పలచబడుతుంది. కిలోకు ఒక గ్రాము ఉప్పు తగ్గితే వేగం మీటరు పైచిలుకు, అంటే రెండు నాట్లు తగ్గుతుంది. వేడి ప్రభావం అంతకంటే ఎక్కువే గానీ అన్నిచోట్లా ఒకేలా ఉండదు. 5 డిగ్రీల నీటిలో ఒక డిగ్రీ పెరిగితే వేగం నాలుగు మీటర్లు పెరుగుతుంది, 28 డిగ్రీల దగ్గర రెండుకు కాస్త పైన. ఇక లోతు వల్ల ప్రతి వంద మీటర్లకూ మీటరున్నర పైన పెరుగుదల.

నవంబర్ 12

"మీటర్లుండగా నాట్లెందుకు సార్?" అన్నాడు కుర్రాడు. మంచి ప్రశ్న. ఓడ వేగం, టార్పెడో వేగం, జలాంతర్గామి వేగం అన్నీ నాట్లలోనే ఉంటాయి. ధ్వని వేగం కూడా నాట్లలో ఉంటే డాప్లర్ లెక్క చిటికెలో తేలుతుంది. ఎదురుగా 20 నాట్లతో వస్తున్న ఓడకు తగిలి తిరిగొచ్చిన సోనార్ ధ్వనిలో మార్పు, 20కి రెట్టింపును 2,990తో భాగిస్తే వచ్చినంత: నూటికి 1.3. పది కిలోహెర్ట్‌జ్ ధ్వని అయితే సుమారు 134 హెర్ట్‌జ్ పెరుగుతుంది. ప్రమాణాలు ఒకదానికొకటి కొట్టుకుపోయాయి, మార్పిడి అవసరమే లేదు. ఇది చెబుతుంటే నాకే సంబరంగా ఉంది.

నవంబర్ 13

గాలిలో, 15 డిగ్రీల దగ్గర: సెకనుకు 340 మీటర్లు, 661 నాట్లు. మన పైనీటిలో దానికి నాలుగున్నర రెట్లు.

నవంబర్ 15

1960లో ఆస్ట్రేలియాలోని పెర్త్ దగ్గర సముద్రంలో పేల్చిన మందుగుండు చప్పుడు అట్లాంటిక్‌లోని బెర్ముడా దాకా చేరింది. దూరం సుమారు 10,700 నాటికల్ మైళ్లు. పట్టిన కాలం సుమారు మూడు గంటల నలభై నిమిషాలు. భాగిస్తే 2,900 నాట్ల దగ్గర తేలుతుంది. లోతులో ధ్వని అన్నిటికంటే నెమ్మదిగా నడిచే పొర ఒకటుంది. పైకి పోబోయినా కిందికి పోబోయినా ధ్వని మళ్లీ అటే వంగుతుంది. నేలకూ నీటిమట్టానికీ తగిలి నీరసించదు కనుకే అంత దూరం పోగలిగింది.

నవంబర్ 16

1826, జెనీవా సరస్సు. నీటిలో ధ్వని వేగం కొలవడానికి కొలాడాన్, స్టర్మ్ అనే శాస్త్రవేత్తలు తలపెట్టిన ప్రయోగానికి రెండు పడవలు. ఒక పడవ నుంచి నీటిలోకి దించిన గంట మోగిన క్షణానే ఆ పడవ మీదే మందు భగ్గుమనేలా ఏర్పాటు. పదమూడు కిలోమీటర్ల పైచిలుకు అవతలి పడవలో వెలుగు కనిపించాక, నీటిలో ముంచిన గొట్టానికి చెవి ఆనించి, గంట వినబడేదాకా కాలాన్ని కొలిచారు. వచ్చిన వేగం 1435 మీటర్లు. నేటి లెక్కకు నాలుగు మీటర్లే తేడా! అంతకంటే నాకు నచ్చిందేమిటంటే, నీటి వేడి 8 డిగ్రీలని పక్కనే రాసి పెట్టారు. అందుకే రెండు శతాబ్దాల తరువాత కూడా ఆ అంకెను సరిచూడగలుగుతున్నాం.

నవంబర్ 19

ఎకో సౌండర్‌ను 1500 మీద ఉంచి మన వెచ్చని నీటిలో కొలిస్తే, 102.6 మీటర్ల లోతును 100 అని చూపిస్తుంది. ఉన్నదానికంటే తక్కువ చూపడం ఓడకు క్షేమమే, పటం గీసేవాళ్లకు కాదు.

ప్రశ్నపత్రాలు రాసే అధ్యాపకులకు నా మనవి ఒక్కటే. ధ్వని వేగం ఇచ్చేటప్పుడు నీటి వేడి, ఉప్పు, లోతు కూడా ఇవ్వండి. 2915.77 అని కాక "సుమారు 2,900" అని రాసిన విద్యార్థికి పూర్తి మార్కులు వేయండి.